సీఎండీ విండో ప్రతిసారీ ఫారం మీదికే వస్తోందా? ఇలా ఒక మూలన కూర్చోబెట్టండి

కర్నూలు రాజ్‌విహార్ దగ్గర మా నెట్ సెంటర్‌లో అప్లికేషన్ల సీజన్ వచ్చిందంటే పొద్దున్నుంచి రాత్రిదాకా సీఎండీలో (కమాండ్ ప్రాంప్ట్, అంటే కమాండ్లు టైపు చేసే విండోస్ నల్ల విండో) ఒక పింగ్ నడుస్తూనే ఉంటుంది. పింగ్ అంటే అవతలి కంప్యూటర్‌కు చిన్న సందేశాలు పంపి జవాబు వస్తోందా అని చూసే కమాండ్. మన లైన్ పోయిందా, అవతల వెబ్‌సైటే మొరాయిస్తోందా అన్నది అందులో చూస్తే తెలిసిపోతుంది (పింగ్ కమాండ్‌కు హైఫన్ టీ తగిలిస్తే మనం కంట్రోల్ సీ కొట్టేదాకా ఆగదు). చిక్కల్లా ఆ నల్ల విండో ఒక్కోసారి ఒక్కోచోట తెరుచుకోవడమే. మొన్న ఒక డిగ్రీ పిల్లోడు "అన్నా, ఓటీపీ వచ్చింది, యాడ కొట్టల్ల?" అని అడుగుతుంటే ఓటీపీ గడి దాని కింద ఉండిపోయింది, జరిపి టైపు చేసేలోపు టైం అయిపోయింది, మళ్లీ మొదట్నుంచి. ఆ రోజే దానికి చోటు ఖాయం చేశాను.

విండోస్ 10లో అయితే సీఎండీ తెరిచి, టైటిల్ బార్ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్, అందులో లేఅవుట్ ట్యాబ్‌కు వెళ్లండి. కింద 'లెట్ సిస్టమ్ పొజిషన్ విండో' అని టిక్ ఉంటుంది, అది తీసేస్తేనే లెఫ్ట్, టాప్ అంకెలు మార్చనిస్తుంది. స్క్రీన్ ఎడమ పై మూల 0, 0. అక్కడినుంచి విండో ఎడమ పై మూల ఎన్ని పిక్సెళ్ల దూరంలో ఉండాలో ఆ అంకెలు చెబుతాయి. అందుకే ముందు సైజు తగ్గించుకోండి, తర్వాతే చోటు. మా 1366 × 768 స్క్రీన్‌లో విండో సైజు వెడల్పు 60 (అక్షరాలు), ఎత్తు 12 (వరుసలు) పెట్టి, లెఫ్ట్ 850, టాప్ 480 ఇస్తే టాస్క్‌బార్ పైన కుడి మూలన సరిగ్గా సర్దుకుంది. మీ ఫాంటు పెద్దదైతే అంకెలు కొంచెం తగ్గించాలి.

చాలామంది తడబడేది ఇక్కడే: ప్రాపర్టీస్‌లో మార్చింది మీరు ఏ షార్ట్‌కట్ నుంచి తెరిచారో దానికే అంటుకుంటుంది. స్టార్ట్ మెనూ నుంచి తెరిచి సెట్ చేసి, రేపు రన్ బాక్స్‌లో (విండోస్ కీ + ఆర్) సీఎండీ అని కొడితే మీరు పెట్టిన చోట రాదు, సేవ్ కాలేదేమో అనిపిస్తుంది. టైటిల్ బార్ రైట్ క్లిక్ మెనూలోనే డిఫాల్ట్స్ అని ఇంకోటి ఉంది, అక్కడ పెడితే సొంత సెట్టింగ్ లేని విండోలన్నిటికీ వర్తిస్తుంది. నేనైతే పింగ్‌కు డెస్క్‌టాప్ మీద వేరే షార్ట్‌కట్ చేసి దానికొక్కదానికే చోటు పెట్టాను, మిగతావాటి జోలికి పోలేదు.

విండోస్ 11లో ఈ లేఅవుట్ ట్యాబే కనబడకపోతే కంగారు పడొద్దు. 2022 అక్టోబరు నుంచి అందులో సీఎండీని ట్యాబుల్లో తెరిచే విండోస్ టెర్మినల్ అనే ప్రోగ్రామే డిఫాల్ట్‌గా వస్తోంది. ట్యాబుల పక్కన ఉన్న కింది బాణం నొక్కి సెట్టింగ్స్, స్టార్టప్, లాంచ్ పారామీటర్స్ తెరిస్తే ఎక్స్, వై పొజిషన్లు అక్కడ ఉంటాయి. అంకెలు వేసి కింద సేవ్ నొక్కడం మర్చిపోవద్దు.

రెండో మానిటర్ ఎడమవైపు ఉంటే దాని మీదికి పంపడానికి లెఫ్ట్‌లో మైనస్ అంకె ఇవ్వాలి. తర్వాత ఎప్పుడైనా ఆ మానిటర్ పీకేస్తే విండో స్క్రీన్ బయట తెరుచుకుని, టాస్క్‌బార్‌లో మాత్రమే కనబడొచ్చు. అప్పుడు టాస్క్‌బార్‌లో దాన్ని ఎంచుకుని ఆల్ట్ స్పేస్, తర్వాత ఎమ్, ఏదో ఒక బాణం కీ ఒకసారి కొట్టి మౌస్ కదిలిస్తే విండో మౌస్ వెంటే వచ్చేస్తుంది.