మామిడి తోటకు ఏ ఆటోపైలట్? ఓపెన్ సోర్స్ వ్యవస్థలను పోల్చి ఎంచుకునే పద్ధతి

సొంతంగా డ్రోన్ బిగించుకోవాలనుకునేవారు ముందుగా ఫ్లైట్ కంట్రోలర్ బోర్డు (డ్రోన్‌ను నడిపే చిన్న కంప్యూటర్) కొని, ఆ తర్వాత అందులో ఏ ఫర్మ్‌వేర్ (ఆ బోర్డులో నడిచే ఆటోపైలట్ సాఫ్ట్‌వేర్) వేయాలా అని ఆలోచించడం సరైన క్రమం కాదు. డ్రోన్ చేయవలసిన పని, ఆ పనికి తగిన ఫర్మ్‌వేర్, దాన్ని మోయగల బోర్డు అనే వరుసలో నిర్ణయాలు తీసుకోవాలి. చిత్తూరు జిల్లాలో తోతాపురి తోటను పైనుంచి వరుసలుగా ఫొటోలు తీసి పటం తయారుచేయడం మన పని అనుకుందాం.

డ్రోన్ కెమెరా దృశ్యాన్ని చూపే గాగుల్స్ పెట్టుకుని వేగంగా మలుపులు తిప్పడమే ఆనందమైతే బీటాఫ్లైట్ అనే ఫర్మ్‌వేర్‌ను మించినది లేదు. అయితే అందులోని జీపీఎస్ రెస్క్యూ, సిగ్నల్ తెగినప్పుడు డ్రోన్‌ను వెనక్కి రప్పించే అత్యవసర ఏర్పాటే తప్ప సర్వేకు ఉద్దేశించినది కాదు. ఐనావ్ అనే మరో ఫర్మ్‌వేర్ తక్కువ ధర బోర్డులపై వేపాయింట్ల (ముందే గుర్తించిన స్థానాల) ప్రయాణాన్ని చక్కగా నడుపుతుంది కనుక రెక్కలున్న చిన్న విమానాలకు బాగా నప్పుతుంది.

తోట సర్వేకు అసలు పోటీ ఆర్డుపైలట్, పీఎక్స్4 అనే రెండు ఫర్మ్‌వేర్‌ల మధ్యనే. రెండూ మావ్‌లింక్ అనే సందేశాల భాషలోనే గ్రౌండ్ స్టేషన్‌తో (నేల మీది కంప్యూటర్‌లోని నియంత్రణ ప్రోగ్రామ్‌తో) మాట్లాడతాయి, రెండూ పిక్స్‌హాక్ రకం ఫ్లైట్ కంట్రోలర్ బోర్డులపై నడుస్తాయి. స్విట్జర్లాండ్‌లోని ఈటీహెచ్ జ్యూరిక్‌లో మొదలైన పీఎక్స్4 బీఎస్‌డీ లైసెన్సుతో వస్తుంది కాబట్టి, కోడ్‌ను మార్చి అమ్ముకునేవారు తమ మార్పులను బయటపెట్టనక్కర లేదు. ఆర్డుపైలట్‌ది జీపీఎల్ లైసెన్సు మూడవ వెర్షన్. మార్చిన ఫర్మ్‌వేర్‌తో డ్రోన్ అమ్మితే కొన్నవారికి ఆ సోర్స్ కోడ్ కూడా అందజేయాలి. తిరుపతిలో రోస్2 అనే రోబోల సాఫ్ట్‌వేర్‌తో పరిశోధన చేసే ఇంజినీరింగ్ విద్యార్థికి పీఎక్స్4 నిర్మాణం అనుకూలంగా ఉంటుంది. తోట పనికి మాత్రం నేను ఆర్డుపైలట్‌నే సూచిస్తాను. ఎగిరే ముందు తనిఖీలు, సెట్టింగుల వివరణలు, మిషన్ ప్లానర్ అనే గ్రౌండ్ స్టేషన్ ప్రోగ్రామ్‌లోని సర్వే గ్రిడ్ (ఫొటోల వరుసలను గీసే సదుపాయం) కొత్తవారికి ఎంతో ఆసరా అవుతాయి. బోర్డు కొనేటప్పుడు ఫ్లాష్ మెమరీని (ఫర్మ్‌వేర్ నిల్వ ఉండే చోటును) చూడాలి: 1 ఎంబీ మాత్రమే ఉన్న ఎఫ్405 ప్రాసెసర్ బోర్డుల కోసం ఆర్డుపైలట్ కొన్ని సదుపాయాలను తొలగించి ఇస్తుంది. హెచ్743 ప్రాసెసర్ బోర్డులకు ఆ ఇబ్బంది లేదు.

వీటన్నిటికన్నా జాగ్రత్తగా పోల్చవలసినది, సిగ్నల్ తెగితే డ్రోన్ ఏం చేస్తుందన్నది. ఆర్డుకాప్టర్‌లో (ఆర్డుపైలట్‌లో నిలువుగా లేచే డ్రోన్‌ల కోసం ఉన్న విభాగంలో) ఇంటికి తిరిగివచ్చే ఎత్తు చాలాకాలంగా 1500 సెంటీమీటర్లుగా, అంటే 15 మీటర్లుగా పెట్టి ఉంటుంది. గట్టు మీది కొబ్బరి చెట్టు అంతకన్నా ఎత్తు పెరగగలదు. పైగా ఆ ఎత్తును కొలిచేది డ్రోన్ లేచిన చోటు నుంచే. కొండ పాదాన ఉన్న తోటలో మీరు దిగువ గట్టున నిలబడి ఎగరేస్తే, 20 మీటర్ల ఎగువన ఉన్న చివరి వరుస దగ్గర ఆ 15 మీటర్లు నేల కన్నా కిందే ఉంటాయి. అందువల్ల తోటలోని ఎత్తైన నేలను, దాని మీది ఎత్తైన చెట్టును కలిపి లెక్కగట్టి, ఆపైన మరో 15 మీటర్ల వెసులుబాటు ఇవ్వండి. ఆర్డుపైలట్ నేల వాలును అనుసరించి కూడా ఎగరగలదు, కానీ అందుకు వాడే భూతల సమాచారం స్థూలమైనది. కరెంటు తీగలను అది చూపదు.

ఈ విలువలు పెట్టాక నేరుగా తోటకు వెళ్లకండి. రెండు ఫర్మ్‌వేర్‌లకూ కంప్యూటర్‌లో నడిచే సిమ్యులేటర్ ఉంది. మీ తోట అక్షాంశ రేఖాంశాలనే ఇచ్చి, మిషన్ మధ్యలో రిమోట్ సిగ్నల్ పోయినట్టు చేసి, ఏ మోడ్‌లోకి మారుతుందో, ఎంత ఎత్తుకు లేస్తుందో చూడండి.

ఎగరేసే చోటును డిజిటల్ స్కై అనే ప్రభుత్వ డ్రోన్ వెబ్‌సైట్ పటంలో సరిచూసుకోవాలి. గ్రీన్ జోన్‌లో (ముందస్తు అనుమతి అక్కరలేని ప్రాంతంలో) పరిమితి 400 అడుగులు. రేణిగుంట విమానాశ్రయం హద్దు నుంచి 8 కిలోమీటర్ల లోపు నేల మట్టం నుంచే అనుమతి అవసరం; 8 నుంచి 12 కిలోమీటర్ల మధ్య అనుమతి లేకుండా 200 అడుగులు దాటరాదు. తిరుమల కొండపై డ్రోన్‌లు నిషిద్ధం కనుక, ఆ చుట్టుపక్కల ఎగరేసేవారు జియోఫెన్స్ (డ్రోన్ దాటకూడని హద్దు) గీసి బోర్డులోకి తప్పక ఎక్కించాలి. 250 గ్రాములు దాటిన డ్రోన్‌కు రిజిస్ట్రేషన్ ఉండాలి.

తొలి పరీక్షకు ముందు దిక్సూచి కాలిబ్రేషన్‌ను బోరు మోటారు షెడ్డుకూ ఇనుప కంచెకూ దూరంగా చేయండి. రెండు నిమిషాలు గాలిలో నిలిపి దించి, లాగ్‌లోని (బోర్డు దాచుకున్న ప్రయాణ నమోదులోని) వైబ్రేషన్ విలువలను తెరవండి. అవి 30 లోపు ఉంటే సర్వే మొదలుపెట్టవచ్చు. 30 దాటితే, ముఖ్యంగా 60 దాటితే, ప్రొపెల్లర్ల బ్యాలెన్స్‌నూ బోర్డు కింది మెత్తనూ సరిచేసి మళ్లీ లాగ్ చూసేవరకు డ్రోన్‌ను ఆటో మోడ్‌లో (ముందే ఇచ్చిన మార్గంలో తనంతట తానే ఎగిరే పద్ధతిలో) పెట్టకూడదు.