ఊపిరితో మొదలుపెట్టండి: మనసు కుదుటపడటానికి ఒక చిన్న సాధన

కోపాన్ని, కంగారును తగ్గించుకోవాలనుకున్నవారు సాధారణంగా మనసుతోనే పోరాటం మొదలుపెడతారు. అయితే దవడ బిగిసి, భుజాలు పైకి లేచి, ఊపిరి పైపైనే ఆడుతున్నంతసేపు "శాంతించు" అని ఎన్నిసార్లు చెప్పుకున్నా ఆ మాట లోపలికి దిగదు. అందుచేత శరీరం వైపు నుంచి, అందులోనూ ఊపిరి నుంచి, మొదలుపెట్టడమే మేలని నా అభిప్రాయం. అరుగుదల మన ఆజ్ఞ వినదు. ఊపిరి మాత్రం దానంతటదే ఆడుతూ, మనం కోరితే మన మాట కూడా వింటుంది.

గాలి పీల్చినప్పుడు గుండె వేగం కొద్దిగా పెరుగుతుంది, వదిలినప్పుడు తగ్గుతుంది. మెదడు కాండం నుంచి గుండె మీదుగా పొట్ట దాకా సాగే వేగస్ అనే నరం ఇందులో ముఖ్యపాత్ర వహిస్తుంది. మణికట్టు మీద మూడు వేళ్లు ఆనించి, ఊపిరిని నిదానంగా వదులుతూ గమనిస్తే, నాడి కొట్టుకోవడంలో ఎడం పెరగడం చాలామందికి వేళ్లకే తెలుస్తుంది.

ఈ సాధనను ఇప్పటికే రోజూ చేసే ఒక పనికి జతచేయండి. ఉదాహరణకు, పొద్దున్నే కాఫీకి పాలు పొయ్యి మీద పెట్టి, అవి పొంగేదాకా అక్కడే నిలబడతారు కదా. గిన్నె అంచున మీగడ ముడతపడుతున్న ఆ కాస్త సమయం చాలు. ఒక అరచేతిని పొట్ట మీద ఉంచి, నాలుగు అంకెలు లెక్కపెట్టేంతసేపు ముక్కుతో గాలి పీల్చి, ఆరు అంకెలు లెక్కపెట్టేంతసేపు వదలండి. అంకెకు ఒక సెకను చొప్పున నిమిషానికి 6 శ్వాసలవుతాయి. విశ్రాంతిగా ఉన్న పెద్దవారు మామూలుగా 12 నుంచి 20 సార్లు ఊపిరి తీస్తారు. బలవంతంగా గుండెల నిండా పీల్చనక్కర్లేదు. తల తిరిగినట్టనిపిస్తే ఆపి, మామూలుగా ఊపిరి తీసుకోండి. ఉబ్బసం, గుండె జబ్బు ఉన్నవారు ముందుగా వైద్యుణ్ణి అడగడం మంచిది.

మొదటి వారం ఐదు శ్వాసలు మాత్రమే చేయండి. ఉత్సాహం కలిగినా పెంచవద్దు. నేను మొదటిసారి అరగంటతో మొదలుపెట్టి, నాలుగో రోజుకే మానేశాను. జ్వరం వచ్చిన రోజైనా, చుట్టాలు వచ్చిన రోజైనా చేయగలిగినంత చిన్నదైతేనే ఆ పని నిలుస్తుంది.

ఎన్నాళ్లకు అలవాటవుతుందని అడుగుతారు. మండల దీక్షను 41 రోజులుగా లెక్కించే మనకు ఒక గడువు ఉంటే ధైర్యంగా ఉంటుంది గానీ, శరీరం అలాంటి గడువు పాటించదు. లండన్ యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు 96 మందిని గమనించగా, ఒక పని అప్రయత్నంగా సాగడానికి పట్టే కాలం 18 రోజుల నుంచి 254 రోజుల దాకా ఉండవచ్చని తేలింది. మధ్యస్థంగా అది 66 రోజులు. మధ్యలో ఒక రోజు తప్పినా పెద్ద నష్టం ఉండదని కూడా వారు గమనించారు. కాబట్టి నిన్న మానేశామని బాధపడకుండా, ఇవాళ పాలు పెట్టినప్పుడు మళ్లీ చేయండి. గోడ మీది క్యాలెండరులో తేదీ పక్కన పెన్సిలుతో ఒక గీత గీసుకుంటే లెక్క తెలుస్తుంది.

ఇది కుదిరాక రెండో పనికి వెళ్లండి. మిమ్మల్ని కలవరపెట్టే ఫోను మోగినప్పుడు, ఎత్తేముందు దవడ వదులు చేసి, భుజాలు దించి, ఒక్క నిడుపాటి ఊపిరి వదలండి. అవతలివారికి ఆలస్యమయ్యేది ఆరు సెకన్లే.