రోలర్ బ్లైండ్ కోసేటప్పుడు మిగిలేది కాదు, తీసేసేది కొలవండి

కిటికీ పైన గొట్టానికి చుట్టుకునే తెరలే రోలర్ బ్లైండ్లు. దుకాణంలో దొరికేవాటి వెడల్పులు గుండ్రని అంకెల్లో ఉంటాయి. కిటికీలు అలా ఉండవు. కాబట్టి కాస్త పెద్దది కొని ఇంట్లోనే కోసుకోవడం మేలు. చిన్నది కొంటే మాత్రం దానికి విరుగుడు లేదు.

కోయాల్సినవి మూడే: పైన ఉండే గొట్టం, దానికి చుట్టిన గుడ్డ, గుడ్డ అడుగున బరువు కోసం పెట్టిన పట్టీ. ఈ మూడింటి పొడవులూ ఒకటి కావు. గొట్టం రెండు చివర్లా ప్లాస్టిక్ బిరడాలు, వాటి పక్కన బ్రాకెట్లు ఉంటాయి కనుక మొత్తం వెడల్పు కంటే గుడ్డ సాధారణంగా మూడు నాలుగు సెంటీమీటర్లు తక్కువగా ఉంటుంది. చాలామంది ఇక్కడే గొట్టం ఎంత ఉండాలి, గుడ్డ ఎంత ఉండాలి, పట్టీ ఎంత ఉండాలి అని విడివిడిగా లెక్కలు వేసి చిక్కుల్లో పడతారు. నేను రాసుకునేది ఒక్కటే అంకె: ఎంత తీసేయాలి. మూడింటికీ అదే అంకె, మూడింటికీ అదే వైపు. తయారుచేసినవాళ్లు వాటి మధ్య ఉంచిన తేడాలు చెక్కుచెదరకుండా ఉంటాయి, మనం వాటి జోలికి వెళ్లనక్కర్లేదు.

ఒక కిటికీ లెక్క చూపిస్తాను. గూడు, అంటే గోడలో కిటికీ కూర్చున్న చోటు, దాని లోపలి వెడల్పు పైన 1142 మిల్లీమీటర్లు, మధ్యలో 1138, కింద 1140. తీసుకోవాల్సింది అన్నిటికంటే చిన్నది, 1138. రెండు పక్కలా నాలుగేసి మిల్లీమీటర్ల వెసులుబాటు వదిలితే 1130. కొన్న బ్లైండు బ్రాకెట్లతో కలిపి 1200. అంటే తీసేయాల్సింది 70. ఇక ఈ పని మొత్తంలో 70 తప్ప మరో అంకె అక్కర్లేదు. ఒక్క జాగ్రత్త ఏమిటంటే, పెట్టె మీద అచ్చువేసిన వెడల్పు గుడ్డదో, బ్రాకెట్లతో కలిపినదో ఒక్కో తయారీలో ఒక్కోలా ఉంటుంది. దాన్ని నమ్మకండి. బ్లైండుకు బ్రాకెట్లు తగిలించి, ఈ చివరి నుంచి ఆ చివరికి మీరే కొలవండి. గుడ్డ టేపు సాగుతుంది, ఉక్కు టేపు వాడండి.

గూడు లోపల కాకుండా గోడ మీద బిగించేవాళ్లకు చాలాసార్లు కోతే అవసరం రాదు. కిటికీకి రెండు పక్కలా గుడ్డ కొంచెం ఎక్కువ ఉంటే వెలుతురు ఇంకా బాగా ఆగుతుంది.

ఏ వైపు కోయాలి? బ్లైండును ఎత్తి దించే గొలుసు లేని వైపు. గొలుసు ఉన్న చివర తిప్పే యంత్రం ఉంటుంది, దాని జోలికి పోకూడదు. గొలుసు లేకుండా కిందికి లాగి వదిలితే చుట్టుకునే రకంలో స్ప్రింగు ఒక చివర ఉంటుంది, మోటారు రకంలో మోటారు ఒక చివర ఉంటుంది. రెండో చివరే మనది. రెండు పొరల గుడ్డ ఒకదాని మీద ఒకటి జరిగే చారల బ్లైండ్లను మాత్రం ఇంట్లో కోయమని నేను ఎవరికీ చెప్పను. ఆ గుడ్డ అంతా ఒకే వలయంగా తిరుగుతుంది, అంచు కాస్త వంకరపోయినా చారలు కలవవు.

పనిముట్లు ఎక్కువేమీ కావు. సన్నపళ్ల బ్లేడు బిగించిన చిన్న హ్యాక్‌సా, ఆకురాయి, గరుకు కాగితం, పొడవాటి ఉక్కు స్కేలు, కొత్త బ్లేడు వేసిన కత్తి, కాగితపు టేపు, మూలమట్టం. గుడ్డ కింద వేయడానికి మందపాటి అట్ట. భోజనాల బల్ల దీనికి చక్కగా సరిపోతుంది, ఇంట్లోవాళ్లు ఒప్పుకుంటే.

బ్లైండును బల్ల మీద పూర్తిగా విప్పండి, మంచి వైపు కిందికి ఉండేలా. గుడ్డ గొట్టానికి ఎలా అతికి ఉందో చూడండి. గొట్టం గాడిలో ప్లాస్టిక్ పట్టీతో ఇరికించి ఉంటే పక్కకు జరుపుతూ మొత్తం బయటికి తీయవచ్చు. రెండువైపులా అంటుకునే టేపుతో అతికించి ఉంటే మొత్తం ఊడదీయకండి. కోసే చివర నుంచి, తీసేయాల్సిన కొలత కంటే ఒక జానెడు ఎక్కువ వరకు మాత్రమే నిదానంగా లేపండి. మిగతా భాగం అతికి ఉంటే, తర్వాత ఈ చివర కూడా తన పాత చోటికే తిరిగి వస్తుంది. లేపిన గుడ్డను వెనక్కి మడిచి పాత కాగితంతో కప్పండి. అల్యూమినియం పొడి లేత రంగు గుడ్డ మీద పడి రుద్దుకుంటే నల్లటి మరక అవుతుంది, అది పోదు.

చివరి బిరడా లాగి పక్కన పెట్టండి. గొట్టం చివర నుంచి 70 కొలిచి చుక్క పెట్టండి. గుండ్రటి దాని చుట్టూ తిన్నని గీత గీయడం కష్టమనిపిస్తుంది కానీ చాలా తేలిక: అంచు తిన్నగా ఉన్న కాగితపు ముక్కను గొట్టానికి చుట్టి, దాని అంచు దాని మీదే సరిగ్గా పడేలా చూడండి. ఆ అంచు వెంబడి కాగితపు టేపు చుట్టేస్తే గీత కూడా అదే, రంపం జారకుండా పట్టూ అదే. గొట్టాన్ని గట్టిగా బిగించకండి, పల్చటి లోహం నొక్కుకుపోతే బిరడా లోపలికి దూరదు. ఒక చేత్తో పట్టుకుని, కొంచెం కోసి కొంచెం తిప్పుతూ చుట్టూ గాడి పెట్టండి, ఆ తర్వాతే లోతుగా వెళ్లండి. ఒకే వైపు నుంచి కింది దాకా కోస్తే కోత పక్కకు పోతుంది.

గొట్టాలు కోసే చక్రాల పనిముట్టు ఉంది కదా అని కొందరు అడుగుతారు. అది అంచును లోపలికి వంచుతుంది, బిరడాకు చోటు తగ్గిపోతుంది. పైగా గాడులున్న గొట్టం మీద అది సరిగా తిరగదు. రంపమే మంచిది. కోశాక లోపలి అంచును గుండ్రని ఆకురాయితో గాని, వేలికి చుట్టిన గరుకు కాగితంతో గాని నున్నగా చేసి, బిరడా పెట్టి చూసి, పొడంతా తుడిచేయండి.

ఇక గుడ్డ. నా వృత్తి కుట్టుపని, కత్తెర అంటే మమకారం కూడా. అయినా ఈ పనికి కత్తెర వద్దంటాను. మూసి తెరిచిన ప్రతి చోటా అంచులో చిన్న మెట్టు పడుతుంది, కిటికీ వెలుతురు దాన్ని దాచదు. పదునైన కత్తి, స్కేలు, తొందరలేని చేయి కావాలి.

ముందు అడుగు పట్టీని దాని జేబులోంచి పక్కకు లాగేయండి. గొట్టాన్ని బల్ల అంచు దాటించి పెడితే గుడ్డ చదునుగా పరుచుకుంటుంది. ఇప్పుడు గుడ్డ పాత అంచు నుంచి 70 కొలిచి పైన, కింద, మధ్యలో నాలుగైదు చోట్ల గుర్తులు పెట్టండి. కొలత ఎప్పుడూ ఆ పాత అంచు నుంచే. తయారీలో తిన్నగా కోసిన గీత మన దగ్గర ఉన్నది అదొక్కటే, బల్ల అంచూ నేల పలకల గీతలూ దానికి సాటిరావు. పై మూల చదరంగా ఉందో లేదో మూలమట్టంతో ఒకసారి సరిచూడండి. స్కేలు మనకు కావాల్సిన భాగం మీద ఉండాలి. కత్తి జారినా పనికిరాని ముక్క మీదే జారుతుంది. బలంగా ఒక్కసారి కాకుండా, తేలిగ్గా రెండు మూడుసార్లు అదే దారిలో గీయండి. స్కేలు పొట్టిదైతే ముందు గీత పూర్తిగా గీసుకుని, కోసేటప్పుడు స్కేలును జరుపుకుంటూ వెళ్లండి.

కోసిన ముక్కను పారేయకండి. దాని మూల నుంచి ఒక పోగు లాగి చూడండి. వెలుతురును పూర్తిగా ఆపే చీకటి గుడ్డలకు, ప్లాస్టిక్ పూత ఉన్న జల్లెడ గుడ్డలకు సాధారణంగా పోగులు ఊడవు, వాటినలాగే వదిలేయవచ్చు. మామూలు నేత గుడ్డైతే ఊడుతుంది. అప్పుడు ఆరాక పారదర్శకంగా కనిపించే గుడ్డ జిగురును సన్నటి కుంచెతో అంచు వెంబడి రాయాలి, అదీ ముందు ముక్క మీద రాసి మరక పడటం లేదని చూశాకే. అగ్గిపుల్లతో అంచు కాల్చే అలవాటును ఇక్కడికి తేవద్దు. పూత కరిగి అంచు ముడుచుకుంటుంది, నిప్పు అంటుకునే ప్రమాదం కూడా ఉంది.

అడుగు పట్టీ నుంచి కూడా 70 కోసి, నున్నగా చేసి, లోపలికి తోసి, చివరి మూతలు పెట్టండి. లేపిన గుడ్డను గొట్టానికి తిరిగి నొక్కండి. టేపు జిగురు పోయి ఉంటే ఆ మేరకు కొత్త టేపు వేయండి.

పొడవు తగ్గించాలా అని అడిగితే, మామూలుగా వద్దంటాను. మిగిలింది గొట్టం మీదే చుట్టుకుని ఉంటుంది. చుట్ట లావై గోడకు రాసుకుంటేనే కోయాలి, అప్పుడూ అడుగున కాదు, గొట్టం దగ్గర. పూర్తిగా దించినా గొట్టం మీద ఒక చుట్టు గుడ్డ మిగిలేలా చూసుకోండి, లేకపోతే బరువంతా ఆ టేపు మీదే పడుతుంది.

బ్రాకెట్లు రసమట్టంతో చూసి బిగించండి. ఎత్తేటప్పుడు గుడ్డ ఒక పక్కకు జరుగుతుంటే ముందు మళ్లీ రసమట్టమే పెట్టి చూడండి. అది సరిగ్గా ఉండి కూడా జరుగుతుంటే గుడ్డను పూర్తిగా దించి, జరుగుతున్న వైపుకు ఎదురు చివర, గొట్టం మీద రెండు మూడు అంగుళాల కాగితపు టేపు ముక్క అతికించి చుట్టండి. తేడా తెలియకపోతే దాని మీదే మరొక పొర. ఇంకా ఎక్కువ జరిగితే ముక్కను రెండో చివరకు మార్చండి.

చివరగా గొలుసు. దాన్ని గోడకు బిగువుగా పట్టే క్లిప్పు సాధారణంగా పెట్టెలోనే వస్తుంది, చాలా ఇళ్లలో అది సొరుగులోనే ఉండిపోతుంది. వేలాడే గొలుసు ఉచ్చు చిన్నపిల్లల మెడకు చుట్టుకుంటే ప్రాణం పోతుంది. క్లిప్పు బిగించేదాకా బ్లైండును వాడకండి, మంచాన్నీ కుర్చీనీ ఆ కిటికీకి దూరంగా జరపండి.