ఊళ్లో కొత్త క్రైస్తవ సంఘం ఎలా మొదలుపెట్టాలి?

కొత్త సంఘం అనగానే చాలామంది ముందు స్థలం చూస్తారు, తర్వాత సౌండ్ బాక్సులు కొంటారు. నేనూ అదే చేశాను. నర్సంపేట దగ్గరి ఒక పల్లెలో అప్పు చేసి బాక్సులు పెడితే, మూడో వారానికే పక్కింటాయన గొడవకు వచ్చాడు. ఆయన బిడ్డకు పదో తరగతి పరీక్షలు. తప్పు నాదే. పదిమంది కూర్చునే వాకిట్లో మైకు ఎందుకసలు?

ముందు ఒక ఇల్లు

"మా ఇంట్లో ప్రార్థన పెట్టండి అయ్యగారూ" అని పిలిచిన ఇంటితోనే మొదలుపెట్టండి. ఇంటి పెద్దకు ఇష్టమో కాదో కూడా అడగండి. కోడలు పిలిచి మామ ముఖం తిప్పుకుంటే ఆ కూడిక నిలవదు.

సమయం కైకిలిని (కూలి పనిని) బట్టి పెట్టాలి. మా దిక్కు పత్తి, ఆ తర్వాత మిర్చి ఏరుడు మొదలైందంటే ఆదివారం కూడా తెల్లారకముందే ఆటోలు నిండిపోతాయి. పది గంటలకు ఆరాధన అంటే ముసలివాళ్లు, పిల్లలే మిగులుతారు. రాత్రి ఏడున్నరకు పెట్టండి. మిర్చి ఏరి వచ్చినవాళ్ల చేతులు మండుతుంటాయి. కొబ్బరినూనె రాసుకుని, పాటకు చప్పట్లు కొట్టలేక చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంటారు. ఆ రోజు గంటన్నర ప్రసంగం చేస్తే చాప మీదే నిద్రపోతారు. రెండు పాటలు, ఒక వాక్యభాగం, ఎవరింట్లో ఏం కష్టమో విని ప్రార్థన. నలభై నిమిషాలు చాలు.

సంఘం పెరిగి మైకు తప్పదనుకుంటే ముందు అనుమతి తీసుకోండి. రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు బయట లౌడ్‌స్పీకర్ పెట్టకూడదని 2000 నాటి శబ్దకాలుష్య నిబంధనలు చెబుతున్నాయి.

రెండో మనిషిని తయారుచేయండి

నా లెక్కలో అసలు పని ఇదే. ఆర్నెల్లు తిరిగేసరికి మీరు లేకపోయినా కూడిక నడవాలి. పాట ఎత్తేది ఒకరు, వాక్యం చదివేది ఒకరు, ప్రార్థన చేసేది ఇంకొకరు. నెలకో వారం కావాలనే వెళ్లకండి. నేను మొదటిసారి ఆగిపోయిన వారం, ఐదో తరగతితో చదువు మానేసిన ఒక అక్క వేలు పెట్టుకుంటూ కీర్తన చదివిందట. నాలుగు చోట్ల తడబడిందట. పై వారం ఇద్దరు కొత్త ఆడవాళ్లను వెంటబెట్టుకొచ్చింది. నా ప్రసంగాలు విని అప్పటిదాకా ఎవరూ ఎవరినీ తీసుకురాలేదు మరి!

మామూలు విశ్వాసులే పనికి దిగడం మనకు కొత్తేమీ కాదు. 1912లో దోర్నకల్ బిషప్ అయిన వి.ఎస్. అజరయ్య, ఇంగ్లండ్ చర్చి సంప్రదాయమైన ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్ ఆయనే, బాప్తిస్మం పొందినవాళ్ల చేత తమ తల మీద చెయ్యి పెట్టుకుని "సువార్త ప్రకటించకపోతే నాకు శ్రమ" అని చెప్పించేవారు.

కానుకలు

కూడిక ముగియగానే ఇద్దరు లెక్కపెట్టి, నోటుబుక్కులో రాసి సంతకం పెట్టాలి. ఆ ఇద్దరిలో పాస్టర్ ఉండకూడదు, పాస్టరమ్మ అసలే ఉండకూడదు.

బాప్తిస్మానికి ముందు చెప్పాల్సిన మాట

చాలామంది పాస్టర్లు దాటేసే మాట ఇది. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా హిందూ, సిక్కు, బౌద్ధ మతాలవారికే వర్తిస్తుంది. క్రైస్తవులుగా మారిన ఎస్సీలు మన తెలంగాణలో బీసీ-సీ (వెనుకబడిన తరగతుల్లో సీ గ్రూపు) కిందికి వస్తారు, వాళ్ల కోటా 1 శాతం. కోయ, లంబాడా కుటుంబాలకు ఈ చిక్కు లేదు, మతం మారినా ఎస్టీ హోదా పోదు. ఇంటిల్లిపాదినీ కూర్చోబెట్టి ఇది చెప్పండి, ఆలోచించుకోవడానికి టైం ఇవ్వండి. చెప్పకుండా నీళ్లలో ముంచితే, రేపు పిల్లల సీటు దగ్గరో ఉద్యోగం దగ్గరో సమస్య వచ్చినప్పుడు వాళ్లకు ఏమని జవాబిస్తారు?

కాగితాలు

సొసైటీ రిజిస్ట్రేషన్‌కు కనీసం ఏడుగురు సభ్యులు కావాలి. జిల్లా రిజిస్ట్రార్ ఆఫీసులో చేయించుకోవచ్చు. స్థలం కొంటే సొసైటీ పేరున కొనండి, పాస్టర్ పేరున వద్దు. ప్రభుత్వ భూమి జోలికి పోకండి. రోడ్లు, పార్కుల వంటి చోట్ల ఏ మతానికీ కొత్త కట్టడాలు రానివ్వొద్దని సుప్రీంకోర్టు 2009లోనే ఆదేశించింది.

పెళ్లిళ్ల విషయం కూడా. 1872 నాటి క్రైస్తవ వివాహ చట్టం కింద లైసెన్స్ లేని స్వతంత్ర సంఘ పాస్టర్ చేసిన పెళ్లికి సర్టిఫికెట్ దగ్గర ఇబ్బంది వస్తుంది. మీకు లైసెన్స్ వచ్చేదాకా, అది ఉన్న పాత సంఘం అయ్యగారిని పిలవండి. వాక్యం మీరు చెప్పండి, పెళ్లి ఆయన జరిపించి రిజిస్టర్‌లో సంతకం పెడతారు.