ట్యాబ్ ఇచ్చినా రిజిస్టరే గెలుస్తోందా?

చిత్తూరు, తిరుపతి జిల్లాల పీహెచ్‌సీల్లో (ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో) రోగుల వివరాలు ట్యాబ్‌లో ఎక్కించే కొత్త యాప్ మొదలుపెట్టినప్పుడు మాటిమాటికీ ఎదురయ్యే చిక్కులివి.

సమస్య: ఎంట్రీలన్నీ సాయంత్రం నాలుగు దాటాకే పడుతున్నాయి.

సిబ్బందికి ట్యాబ్ చేతకాదనుకుని మళ్లీ ట్రైనింగ్ పెట్టేస్తారు. నేనూ మొదట్లో అదే చేశాను. తర్వాత ఒకచోట ఓపీలో పొద్దుటి నుంచి పక్కనే కూర్చుంటే తెలిసింది. ఏఎన్‌ఎం (ఆరోగ్య కార్యకర్త) బీపీ చూసి రిజిస్టర్‌లో రాస్తారు, ఇంటికెళ్లే ముందు అదే ట్యాబ్‌లో ఎక్కిస్తారు. ఇన్‌స్పెక్షన్‌కు వచ్చినవాళ్లు అడిగేది రిజిస్టరే మరి! బస్సు టైమవుతుంటే ఆ హడావుడిలో 154 కాస్తా 145 అయిపోతుంది.

పరిష్కారం: ఏ రిజిస్టర్ ఏ తేదీ నుంచి అక్కర్లేదో పైఅధికారి దగ్గర కాగితం మీద రాయించుకోండి. నోటిమాట పనికిరాదు, ఇన్‌స్పెక్షన్ రోజు అది ఎవరికీ గుర్తుండదు. అన్నీ ఒకేసారి ఆపక్కర్లేదు, ముందు బీపీ, షుగర్ రిజిస్టర్‌తో మొదలుపెట్టండి. ఆ కాగితం రాకుండా ఎన్ని ట్రైనింగులు పెట్టినా టీ, బిస్కెట్ల ఖర్చే.

సమస్య: ఆభా నంబర్ (ఆరోగ్య రికార్డుల కోసం ఇచ్చే ఐడీ) తీయబోతే ఓటీపీ రాదు, క్యూ కదలదు.

ఓటీపీ ఆధార్‌కు లింకైన ఫోన్‌కు వెళ్తుంది. ముసలమ్మ ఇక్కడ, ఆ ఫోనేమో చెన్నైలోనో బెంగళూరులోనో పనిచేసే కొడుకు జేబులో. తిరుపతిలో ఇంకో తంటా: కొండ మీద గుడిలోకి ఫోన్లు తీసుకెళ్లనివ్వరు కాబట్టి, దర్శనానికి వెళ్లినవాళ్లకు ఫోన్ చేసినా ఎవరూ ఎత్తరు.

పరిష్కారం: ఆ 14 అంకెల నంబర్ తప్పనిసరి కాదు. ముందు ఓపీ చీటీ రాసి డాక్టర్ దగ్గరికి పంపండి. మీ సాఫ్ట్‌వేర్‌లో వేలిముద్రతో తీసే వీలుంటే సరే, లేదంటే ఆధార్ సెంటర్‌లో ఫోన్ నంబర్ మార్పించుకుని మళ్లీ వచ్చినప్పుడు తీయొచ్చు.

సమస్య: ఊళ్లో చేసిన ఎంట్రీలు మాయమయ్యాయి.

తలకోన వైపు అడవి పల్లెల్లో సిగ్నల్ దొరకడం కష్టం. అక్కడ చేసిన ఎంట్రీలు ట్యాబ్‌లోనే ఉండిపోతాయి. యాప్ మొరాయించిందని తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తే అవి పోయినట్టే. పీహెచ్‌సీకి రాగానే సింక్ చేసి (ఎంట్రీలు సర్వర్‌కు పంపి), పెండింగ్ సున్నా అయ్యాకే వేరే పని.

సమస్య: అందరి ఎంట్రీలూ ఒకరి పేరుమీదే ఉన్నాయి.

ట్యాబ్ వెనక్కి తిప్పి చూడండి, పాస్‌వర్డ్ స్టిక్కర్ మీద రాసి ఉంటుంది. ఎవరి లాగిన్ వాళ్లకు తెప్పించండి. అది వచ్చేదాకా ఆగకుండా స్టిక్కర్ పీకేసి, ఆ పాస్‌వర్డ్ ఈరోజే మార్చేయండి.