మీటర్ మీద మెరిసే లైటే లెక్క చెప్తుంది

రోహిణి కార్తెలో మా కావలిలో ఏసీ లేకుండా రాత్రి గడవదు, కానీ బిల్లు రాగానే తప్పంతా ఏసీదే అనుకోకండి, ముందు ఒకసారి లెక్క చూడండి. మీటర్ మీద ఎర్రగా మిణుకుమనే చిన్న లైటు పక్కన 3200 లాంటి అంకె ఉంటుంది. అంటే అది అన్నిసార్లు మెరిస్తే ఒక యూనిట్ కాలినట్టు. ఇంట్లో అన్నీ ఆపేసి, చూడాల్సిన వస్తువు ఒక్కటే వేసి, ఒక నిమిషంలో ఎన్ని మెరుపులో లెక్కపెట్టి, 60తో గుణించి, మీ మీటర్ అంకెతో భాగించండి. 3200 మీటర్‌లో 80 మెరుపులొస్తే గంటకు ఒకటిన్నర యూనిట్.

ఇన్వర్టర్ ఏసీకి, ఫ్రిజ్‌కి మాత్రం నిమిషం చాలదు, అవి ఒకసారి ఎక్కువ, ఒకసారి తక్కువ లాగుతాయి. ఫ్రిజ్ అయితే స్టార్ లేబుల్ మీద ఏడాది యూనిట్లు రాసుంటాయి, 365తో భాగిస్తే రోజుకి ఎంతో తెలుస్తుంది.

అన్నీ ఆపినా లైటు మెరుస్తూనే ఉందా? మా ఇంట్లో అలాగే ఉంటే వెతికాం, పాతబడిన ఇన్వర్టర్ బ్యాటరీ రాత్రీ పగలూ చార్జింగ్ లాగుతూనే ఉంది! మీకు ఏమీ దొరక్కపోతే ఎలక్ట్రీషియన్‌కి చూపించండి, ఎక్కడైనా కరెంటు లీకవుతుంటే అది ప్రాణానికే ప్రమాదం.

ఇక డబ్బు లెక్కకి సగటు రేటు పనికిరాదు, బిల్లులో మీరు చేరిన చివరి శ్లాబు, అంటే వాడకం పెరిగేకొద్దీ రేటు పెరిగే మెట్లలో పై మెట్టు, దాని రేటు తీసుకోండి. మన ఆంధ్రప్రదేశ్‌లో 2022లో వచ్చిన శ్లాబుల్లో 126 నుంచి 225 యూనిట్ల దాకా యూనిట్‌కి 6 రూపాయలున్నది, అది దాటగానే 8.75 అయింది, తగ్గించే ప్రతి యూనిట్ మిగిలేది ఆ పై రేటులోనే.