ప్రవర్తన అసాధారణమా? నిర్ధారణకు ముందు చూడవలసినవి

ప్రవర్తన వింతగా ఉన్నంత మాత్రాన దానికి అసాధారణమనే ముద్ర వేయకండి. సింహాచలం కొండ చుట్టూ 32 కిలోమీటర్లు చెప్పులు లేకుండా గిరి ప్రదక్షిణ చేసే భక్తులను విశాఖపట్నంలో ఎవరూ రోగులనరు. ఆ ప్రవర్తన వారి సంస్కృతికి విరుద్ధమా, వేదన కలిగిస్తోందా, ప్రమాదం తెస్తోందా అని చూడండి. అన్నిటికంటే ముఖ్యం రోజువారీ జీవనం: వేకువనే వల సర్దుకొని ఫిషింగ్ హార్బరుకు వెళ్లే మనిషి రెండు వారాలుగా గోడవైపు తిరిగి పడుకొని, పిల్లలు పిలిచినా పలకకపోతే, దానిని బద్ధకమని తిట్టడం అన్యాయం. వర్గీకరణకు నిపుణులు 2022లో అమల్లోకి వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల జాబితా ఐసీడీ-11ను గానీ, అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ వారి మానసిక రుగ్మతల నిర్ధారణ గ్రంథం డీఎస్ఎం-5ను గానీ అనుసరిస్తారు. తీవ్రమైన కుంగుబాటుకు డీఎస్ఎం తొమ్మిది లక్షణాలలో కనీసం ఐదు రెండు వారాలపాటు ఉండాలంటుంది. రోగానికి పేరు పెట్టడం వారికి వదిలి, మీరు గమనించినది తేదీలతో రాసి ఇవ్వండి.